ఇనుము మీద ఒట్టు

బాంజుగు కాంటే గురించి చెప్పమంటే నేను ముందు వాణ్ణి నాలుగు తిట్లు తిట్టి మొదలుపెట్టాలి. అది మా కట్టుబాటు. నేను పశువులు కాచుకునే ఫులా కులంవాణ్ణి, పేరు యోరో సంగారే. వాడు కమ్మరి. మా రెండు కులాల మధ్య ఏ కాలం నాటిదో ఒక ఒప్పందం ఉంది. ఒకర్నొకరు ఎంత మాటైనా అనొచ్చు, అవతలివాడికి కోపం రాకూడదు. ఒకరి ఒంటి మీద ఒకరు చెయ్యి వెయ్యకూడదు. ఇవి అందరికీ తెలిసినవే. ఇంకొకటి ఉంది, బరువైనది. ఆ ఒప్పందం పేరు చెప్పి ఏదైనా అడిగితే అవతలివాడు కాదనకూడదు. అందుకే బుద్ధి ఉన్నవాళ్ళు దాన్ని చిన్న చిన్న వాటికే వాడతారు, ఒక గ్లాసు టీకో, గుప్పెడు వేరుశనగలకో. నేను ఒక్కసారి పెద్దదానికి వాడాను. ఆ తర్వాత నాకు నిద్ర సరిగా పట్టలేదు.

మా పరిచయం నా ఆవు చావుతో మొదలైంది. నలభై ఏళ్ళ పైమాట. వానలు ముఖం చాటేసిన ఏడు, పట్టాల వారన కాస్త పచ్చిక కనిపిస్తే మందను అటు తోలాను. సెనెగల్‌లోని దకార్ నుంచి వస్తున్న గూడ్సు బండి నా పాడి ఆవును గుద్ది పడేసింది. ఎవడో ఒకడి తల పగలగొడదామని కర్ర పట్టుకుని రైలు గ్యాంగు దగ్గరికి వెళ్ళాను. ఒక పొట్టివాడు భుజం మీద సుత్తి పెట్టుకుని ఎదురొచ్చాడు. నీ ఇంటిపేరేమిట్రా అని అరిచాను. కాంటే అన్నాడు. కమ్మరి ఇంటిపేరు. ఎత్తిన కర్ర దించాల్సి వచ్చింది.

"పాలు తాగే మొహమా, నీ ఆవు నా బండిని గుద్దింది. ఇంజనుకి సొట్ట పడింది, ఎవడు బాగుచేస్తాడు?" అన్నాడు వాడు.

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ప్రాణం పోకముందే గ్యాంగువాళ్ళు కత్తి వేశారు కాబట్టి మాంసం తినడానికి పనికొచ్చింది. అందరికంటే ఎక్కువ తిన్నది బాంజుగే. ఉప్పు చాలలేదని కూడా అన్నాడు.

వాడు కీమన్. మా గలాంబా హాల్టుకి అటు ఆరు, ఇటు ఆరు, మొత్తం పన్నెండు కిలోమీటర్ల దారి వాడి బాధ్యత. పొద్దు పొడిచేసరికి ఒక చేతిలో పొడవాటి స్పానరు, ఇంకో చేతిలో సుత్తి పట్టుకుని బయలుదేరేవాడు. వదులైన బోల్టు బిగించేవాడు, నూనె పెట్టేవాడు, అనుమానం వచ్చిన పట్టాని సుత్తితో తట్టి చెవి పెట్టేవాడు. మంచి పట్టా మోగుతుందట, లోపల పగులున్నది దగ్గుతుందట. నాకు రెండూ ఒకేలా వినిపించేవి. ఆ మాటే అంటే, ఆవుల మెడలో గంటలు వినీ వినీ నీ చెవులు చెడిపోయాయి అనేవాడు.

కుదురన్నది వాడి ఒంట్లో లేదు. మా దగ్గర టీ మూడు విడతలు కాస్తారు, మూడో గ్లాసు అయ్యేదాకా కూర్చోవడం మర్యాద. వాడు మొదటి గ్లాసు నిలబడి తాగేవాడు. రెండోది మరిగేలోగా హాల్టు దాకా వెళ్ళి వచ్చేవాడు. మూడోదానికి కనిపించేవాడే కాదు. పెళ్ళిలోనూ అంతే, చావింట్లోనూ అంతే. ఈయన్ని చాపకి కట్టేసి సంకటి పెట్టాలి అని వాడి భార్య న్యామే విసుక్కునేది.

ఆ తిరుగుడు వాడికి తాత నుంచి వచ్చింది. తెల్లదొరలు పల్లెల మీద పడి మనుషుల్ని పట్టుకెళ్ళి వెట్టిచాకిరీ చేయించి వేసిన రైలు దారి ఇది. వాడి తాత అలా దొరికిపోయి వచ్చినవాడే. కమ్మరి అని తెలిశాక రాళ్ళు మోయించడం మాని ఇనుప పని అప్పగించారు. తండ్రి ఫునేకే అదే గ్యాంగులో చేరాడు. స్వతంత్రం వచ్చిన ఏడే, కలిసి ఉందామనుకున్న మా దేశమూ సెనెగలూ ఒక్క రాత్రిలో పోట్లాడుకుని విడిపోయాయి. సరిహద్దు మూసేశారు. సెనెగల్ బండి సరిహద్దు అవతల కిదిరా దగ్గర, మా బండి కాయ్ పట్నం దగ్గర ఆగిపోయాయి. మధ్యలో గలాంబా మిగిలింది. బండి రాని దారికి నూనె పెట్టేవాడెవడు? ఫునేకే పెట్టాడు. మూడేళ్ళు రోజూ నడిచి బోల్టులకి నూనె రాశాడు. ఊరంతా పిచ్చివాడంది. మూడేళ్ళ తర్వాత సరిహద్దు తెరిచారు, బండి వచ్చింది. గలాంబాలో దాన్ని ఆపి, డ్రైవరు కిందికి దిగి ఫునేకే చెయ్యి పట్టుకుని ఊపాడు. అప్పటికి బాంజుగుకి తొమ్మిదేళ్ళు. అది కళ్ళారా చూశాడు. నన్నడిగితే వాణ్ణి చెడగొట్టింది ఆ ఒక్క కరచాలనమే.

మంచి రోజులు కూడా ఉన్నాయి, లేవనను. వారానికి రెండుసార్లు దకార్ బండి వచ్చేది. మా ఆడవాళ్ళు బెండకాయ ఒరుగులు, చింతపండు, వెన్నలా పేరుకునే అడవిగింజల నూనె మూటలు కట్టి అటు తీసుకెళ్ళి, ఉప్పు, ఎండుచేపలు, రంగు బట్టలు ఇటు తెచ్చేవాళ్ళు. సంబంధాలు కూడా ఆ బండిలోనే కుదిరేవి. బాంజుగు ఒక్కగానొక్క కూతురు తెనింబాని సెనెగల్‌లో గుదిరి ఊరి వడ్రంగి అడిగాడంటే, బండిలో ఎదురుగా కూర్చున్నందువల్లే. సరిహద్దు అవతలకి పిల్లనిస్తున్నావేమిట్రా అంటే, ఐదు గంటల ప్రయాణం, అదీ నా పట్టాల మీద అన్నాడు.

తర్వాత దారి కొత్త యాజమాన్యం చేతికి వెళ్ళింది. చిన్న స్టేషన్లు ఒకదాని తర్వాత ఒకటి మూతపడ్డాయి. బండి వారానికి ఒక్కసారైంది, అదీ ఏ రోజొస్తుందో తెలియదు. ఆ రోజుల్లోనే న్యామే పోయింది. నలభయ్యో రోజు కార్యానికి తెనింబా నాలుగేళ్ళ కూతురు సాదియోని వెంటబెట్టుకుని వచ్చి, తిరుగు ప్రయాణానికి గలాంబా హాల్టులో నిలబడింది. ప్రయాణికుల బండి అదే ఆఖరిదని గ్యాంగులో అందరూ గుసగుసలాడుతున్నారు. బాంజుగు మాత్రం ఆ మాట ఎవరినీ పైకి అననివ్వడం లేదు.

తెనింబా అన్నది తప్పు మాటేమీ కాదు. బండి ఇక రాదంటున్నారు నాన్నా, నువ్వు బస్సులోనైనా రా, అమ్మ కూడా లేదు, ఒక్కడివే ఉండకు అంది. కానీ అన్నది గ్యాంగు మొత్తం ముందు. ముప్పై ఐదేళ్ళు పట్టాల మీద నడిచినవాణ్ణి సొంత కూతురు బస్సెక్కమంది. బాంజుగు సుత్తి ఎత్తి పట్టా మీద ఒక్క దెబ్బ వేశాడు.

"ఈ ఇనుము మీద ఒట్టు. వస్తే రైల్లో వస్తాను, లేకపోతే రాను. బస్సు మెట్టు నేను తొక్కను."

వేరేవాళ్ళ ఒట్టయితే దారి ఉంటుంది. ఉపవాసం ఉండొచ్చు, దానం చెయ్యొచ్చు, పెద్దల చేత మాఫీ చేయించుకోవచ్చు. కాంటే ఇంట్లో ఇనుము మీద వేసిన ఒట్టుకి మాఫీ లేదు. దాన్ని తప్పినవాడు బతికినంత కాలం ఇనుము చేత్తో ముట్టకూడదు. సుత్తి కాదు కదా, కత్తి కూడా. కమ్మరిగా పుట్టినవాడికి అది చేతులు నరికేసుకోవడమే. సంగతి తెలిసిన గ్యాంగువాళ్ళు తలలు వంచుకున్నారు. తెనింబా కమ్మరి కూతురు, ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. పిల్లని ఎత్తుకుని, "నువ్వొచ్చేదాకా నేనూ ఈ గడప తొక్కను నాన్నా" అని బండెక్కింది. నేనొక్కణ్ణే నవ్వాను. తండ్రీ కూతుళ్ళ బెట్టు నెలరోజులే అనుకున్నాను.

పద్నాలుగేళ్ళు గడిచాయి.

ప్రయాణికుల బండి మళ్ళీ రాలేదు. గూడ్సులు కొన్నేళ్ళు నడిచాయి. గార్డు పెట్టెలో ఎక్కి వెళ్ళరా అని పోరాను. బస్తాల మధ్య బస్తాలా కూతురింటికి వెళ్ళనన్నాడు. ఆ పొగరు దిగి, పోనీ వెళ్దామా అని నన్నడిగేసరికి గూడ్సులూ ఆగిపోయాయి. పక్కనే తారు రోడ్డు మీద బస్సులు మూడు గంటల్లో కిదిరా చేరేవి. వాడు రోడ్డు దాటేటప్పుడు కూడా బస్సుల వంక చూసేవాడు కాదు. తెనింబాకి ఇంకో ముగ్గురు పుట్టారు. వాళ్ళ గొంతులు ఫోన్లో తెలుసు, ముఖాలు తెలియవు. ఏ గొంతు ఏ పిల్లదో చెప్పుకుని మురిసిపోయేవాడు. ఫోన్ పెట్టేశాక పది నిమిషాలు హాల్టు చుట్టూ తిరిగేవాడు.

ఉద్యోగం అయిపోయాక కూడా నడక మానలేదు. లారీ షెడ్డులో పారబోసే మురికి నూనె డబ్బాలో పట్టుకొచ్చి బోల్టులకి రాసేవాడు. కంచెలకి పనికొస్తాయని పట్టాల కింద అడ్డంగా వేసే ఇనుప స్లీపర్లు పీక్కుపోయేవాళ్ళతో కలబడేవాడు. ఒకసారి నా దొడ్డి ముందే నిలబడి, నీ కంచెలో ఉన్నది నా స్లీపరేగా అని అడిగాడు. నిజమే. వానల్లో తిరిగి మోసుకెళ్ళి పెట్టొచ్చాను. మా నాన్నకి మూడేళ్ళు పట్టింది, నాకు ఇంకొన్ని పడతాయి, అంతే తేడా అనేవాడు. నేను తిట్టేవాణ్ణి. తిట్టడం తప్ప నాకేం చేతనవును?

పోయిన వానలు వెనకబట్టాక ఒకే వారంలో రెండు కబుర్లు వచ్చాయి. మొదటిది ఫోన్లో. ఆనాడు చంకనెక్కి వెళ్ళిన సాదియోకి పెళ్ళి కుదిరింది, ముహూర్తం ఇంకో రెండు నెలల్లో, కోతలయ్యాక. పక్కనే ఉన్న నాకు తెనింబా గొంతు వినిపించింది. గొంతులో నిష్ఠూరం లేదు. బండి వస్తుందా నాన్నా, అని మాత్రం అడిగింది. వస్తుందమ్మా అన్నాడు వాడు. ఆ రోజు పన్నెండు కిలోమీటర్లూ రెండుసార్లు తిరిగాడు.

రెండోది జీపులో వచ్చింది. బమాకో నుంచి ఒక ఇంజనీరమ్మ దిగింది, ఇంటిపేరు మారికో. బమాకో నుంచి కాయ్ దాకా ఉన్న తూర్పు దారి కూడా కొన్నేళ్ళుగా మూతపడే ఉంది. ఇప్పుడు దాన్ని మళ్ళీ తెరుస్తున్నారు. ఆ దారిలో మహినా ఊరు దాటాక చాలా పట్టాలు పగిలిపోయాయి. కొత్తవి వచ్చేదాకా ఆగే వ్యవధి లేదు. కాయ్ నుంచి సరిహద్దు దాకా ఉన్న మా పడమటి దారిని ఇప్పట్లో తెరవరు కాబట్టి, ఇక్కడ బాగున్న పట్టాలు పీకి అక్కడ వేస్తారట. గలాంబా దగ్గరి పట్టాలంత బాగా ఇంకెక్కడివీ లేవట. ఉన్న రెండు వేలలో ఏవి గట్టివో చెప్పగల చెవి ఒక్కటే ఉందని ఆమెకి కాయ్ షెడ్డులో చెప్పారు.

"నాలుగు వందలు చాలు పెద్దాయనా. మీరు గుర్తు పెట్టినవే తీస్తాం. కంటితో చూసి తీసుకెళ్తే ఏది ఎప్పుడు విరుగుతుందో తెలియదు. అలాంటివాటి మీద జనాన్ని ఎక్కించలేను" అంది.

బాంజుగు ఆమెకి వేయించిన వేరుశనగలు పెట్టాడు, చల్లని కుండ నీళ్ళిచ్చాడు, పట్టాలు మాత్రం ఇవ్వనన్నాడు. ఒక్కటి కూడా ఎక్కువ లేదన్నాడు. ఆమె బలవంతం చెయ్యలేదు. కాయ్‌లో మూడు రోజులుంటాను, ఆలోచించండి అని వెళ్ళిపోయింది.

నా సంగతి చెప్పాలి. మా అక్క పెందా కాపురం మహినా అవతల, కొండరాళ్ళ మధ్య ఒక పల్లెలో. వానాకాలం వస్తే అక్కడికి రోడ్డన్నది ఉండదు. రైలు నడిచినన్నాళ్ళూ జబ్బు చేసినవాళ్ళు బండెక్కి కాయ్ ఆస్పత్రికి వచ్చేవాళ్ళు. కిందటేడు ఆమె కోడలికి నొప్పులు మొదలైతే మంచం మీద మోసుకుని వాగులు దాటించేసరికి రెండు రోజులైంది. బిడ్డ దక్కలేదు. కోడలు బతికింది, ఇప్పుడు మళ్ళీ నీళ్ళోసుకుంది. ఇంజనీరమ్మ మాటలు విన్నప్పటి నుంచి ఆ బిడ్డే గుర్తొస్తోంది. మర్నాడు వాడి వెనకాలే పట్టాల మీద నడుస్తూ మొదలుపెట్టాను.

"బొగ్గు మొహమా, నాలుగు వందలు ఇచ్చెయ్."

"దేనికి, నీ ఆవులు నెమరేసుకోవడానికా?"

"మా పెందా ఊరికి."

బిడ్డ సంగతి వాడికి తెలుసు. ఆ చావుకి నాతోపాటు వచ్చాడు కూడా. స్పానరు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"పీకితే మళ్ళీ వెయ్యరు యోరో. మా నాన్న రోజుల్లో సరిహద్దు మూశారు గానీ పట్టాలు పీకలేదు. అందుకే బండి రాగలిగింది. ఇవి పోతే నేను తెనింబా దగ్గరికి ఎలా వెళ్ళను?"

ఆ మాట నాకు తెలియక కాదు. తెలిసే అన్నాను.

"కమ్మరీ, ఒప్పందం పేరు మీద అడుగుతున్నాను."

నలభై ఏళ్ళలో వాణ్ణి ఆ మాటతో అడగడం అదే మొదలు. వాడు నావైపు చూసిన చూపు ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. కోపం తెచ్చుకోకూడదు కాబట్టి తెచ్చుకోలేదు. సున్నం కలుపుకుని రా, అన్నాడు.

మూడు రోజులు నేను సున్నం బాల్చీ మోశాను. వాడు తట్టడం, వినడం, గుర్తు పెట్టడం. నా మనసు పాడుది. పగిలినవాటికి కావాలని సున్నం పెడుతున్నాడేమోనని ఒక మధ్యాహ్నం అనుమానం వచ్చింది. పెడితే తప్పేముంది అని కూడా అనిపించింది. అప్పుడే ఒక పట్టా దగ్గర వెనక్కి వచ్చి, ఐదారుసార్లు తట్టి, తను పెట్టిన గుర్తుని తన పై కండువాతో తుడిచేశాడు. "దీని గొంతులో ఏదో ఉంది, బండి బరువుకి తట్టుకోదు" అన్నాడు. నాకు సిగ్గేసింది. హాల్టు ముందున్న పట్టా, పద్నాలుగేళ్ళ కిందట సుత్తి దెబ్బ పడినది, గంటలా మోగింది. దానికీ సున్నం పెట్టి ముందుకెళ్ళిపోయాడు.

పీకేవాళ్ళు వచ్చారు. ఎక్కడెక్కడో బోల్టులు తుప్పు పట్టి కోయాల్సి వచ్చిందట, ఇక్కడ ఒక్క తిప్పుకే ఊడి వస్తున్నాయని వాళ్ళ మేస్త్రీ మెచ్చుకున్నాడు. బాంజుగు అక్కడ నిలబడలేక ఊళ్ళోకి వచ్చేశాడు. లారీలు కాయ్ వైపు వెళ్ళిపోయాయి. నెల దాటాక పెందా ఫోన్ చేసింది. బండి కూత వినిపించిందట, పల్లె పల్లెంతా పట్టాల పక్కకి పరుగెత్తిందట. కోడల్ని నెల ముందే కాయ్ పంపిస్తానంది. నేను పరుగున వెళ్ళి చెప్పాను. ఏదైనా పట్టా విరిగిందా అని అడిగాడు. లేదన్నాను. ఊఁ అన్నాడు.

ఆ తర్వాత రోజులు చెప్పుకోదగ్గవి కావు. వాడు పొద్దున్నే బయలుదేరేవాడు, మొదటి ఖాళీ దగ్గర ఆగేవాడు, వెనక్కి తిరిగేవాడు. మళ్ళీ వెళ్ళేవాడు. రోజుకి పదిసార్లు. తినడానికి కూర్చుంటే రెండు ముద్దలకే లేచిపోయేవాడు. వాడి దారిని నా నోటితోనే మూసేశాను కదా. ఇంకేదైనా దారి దొరుకుతుందేమోనని గింజుకున్నాను. తెనింబాకి ఫోన్ చేసి, పెళ్ళికి ముందు పిల్లని తీసుకుని ఒక్కసారి నువ్వే వచ్చిపోవే అని బతిమాలాను.

"నాకు రావాలని లేదనుకుంటున్నావా బాబాయ్?" అంది. "నేను మెట్టు దిగి వచ్చేస్తే నాన్న ఒట్టు ఉత్తదైపోతుంది. ఆయన మాట ఆయన ఒక్కడే మోస్తున్నాడా? ఈ పక్క నేను కూడా మోస్తున్నాను."

ఇద్దరూ ఒకే కొలిమిలోవాళ్ళు. చివరికి బాంజుగు దగ్గరే తెగించాను. ఒప్పందం పేరు మీదే ఈ ఒట్టు తప్పమని అడుగుతాను, అప్పుడు పాపం నాదవుతుంది అన్నాను. నా నోరు నొక్కేసినంత పని చేశాడు. ఒట్టు నాది, తీస్తే నేను తియ్యాలి, మధ్యలో నువ్వెవడివి అన్నాడు.

పెళ్ళి మూడు రోజులుందనగా పొద్దున్నే కబురు పెట్టాడు. వెళ్ళేసరికి హాల్టు ముందు నేల మీద కూర్చుని ఉన్నాడు. వాడు కూర్చుని ఉండటం చూసి నాకు భయమేసింది. ఎదురుగా సుత్తి, స్పానరు, మొలలో ఎప్పుడూ ఉండే కత్తి, తాళంచెవుల గుత్తి వరసగా పెట్టి ఉన్నాయి.

"బండి రాదు. నా చేత్తో నేనే సున్నం పెట్టి పంపించేశాను" అన్నాడు. "ఇప్పుడు ఒట్టు నిలబెట్టుకుంటే సుత్తి ఉంటుంది, తట్టడానికి పట్టా ఉండదు. పిల్లా ఉండదు. తెనింబాని చూడాలనుంది యోరో. చాలా ఏళ్ళుగా చూడాలనుంది."

వాడు నేల మీదున్న వాటిని చూపించి, నేను వాటిని మళ్ళీ ముట్టుకోను, తీసుకెళ్ళి నా తమ్ముడికి ఇచ్చిరా అన్నాడు. ఫులావాడు కమ్మరి పనిముట్లు మోసుకుంటూ నడివీధిలో పోవడం గలాంబా ఎన్నడూ చూడలేదు. ఆవుల్ని సుత్తితో తోలుతావా అని ఎవరో అడిగారు. నేను ఆగకుండా నడిచాను. కొలిమి దగ్గర వాడి తమ్ముడు నా చేతుల్లో ఉన్నవి చూసి తిత్తి ఊదడం ఆపాడు. అందుకోవడానికి రెండు చేతులూ చాపాడు.

బస్సు దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. తలుపు పక్కన పట్టుకుని ఎక్కే కడ్డీ ఇనుముది. బాంజుగు చేతులు చొక్కా చేతుల్లోకి లాక్కుని మెట్టు ముందు నిలబడిపోయాడు. వెనక జనం తోస్తున్నారు, డ్రైవరు హారన్ కొడుతున్నాడు. నేను వంగి, భుజం ఆనించి, వెనక నుంచి వాణ్ణి పైకి ఎత్తాను.

"ఎన్నో దూడల్ని లారీలెక్కించాను గానీ ఇంత బరువుది చూడలేదు" అన్నాను.

"పాలేరు పని నీకు బాగానే వచ్చురా" అన్నాడు లోపలి నుంచి. వారాల తర్వాత వాడి నోటి నుంచి వచ్చిన మొదటి తిట్టు. నా కళ్ళు తడిశాయి.

దారి పొడుగునా వాడు కదల్లేదు. సీటు ఇనుము చేతికి తగలకుండా, వెంట తెచ్చిన చాప మడతపెట్టి కిటికీ పక్కన వేశాను. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని దాని మీద కూర్చున్నాడు. పక్కనే అక్కడక్కడా పట్టాలు కనిపిస్తున్నాయి, కొన్ని చోట్ల ఉత్త స్లీపర్లు, కొన్ని చోట్ల గడ్డి. ఫలేమే నది మీద మా బస్సు రోడ్డు వంతెన ఎక్కినప్పుడు పక్కన రైలు వంతెన కనిపించింది. దాన్ని కూడా కూర్చునే చూశాడు. ఇన్నేళ్ళు వీణ్ణి కుదురుగా కూర్చోమని తిట్టినవాణ్ణి, ఒక్కసారి లేచి నిలబడరా అని నాకు అరవాలనిపించింది. సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర దిగినప్పుడు అటూ ఇటూ తిరిగింది నేను. వాడు నీడలో రాయి మీద కూర్చుని కాగితాలు వచ్చేదాకా అలాగే ఉన్నాడు.

గుదిరి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. వడ్రంగి ఇల్లు ఎవరిని అడిగినా చూపించారు. చుట్టూ మట్టి గోడ, గోడకి ఇనుప రేకు తలుపు. మేకలు దూరకుండా దగ్గరగా వేసి ఉంది. లోపల రెండు మూడు రోకళ్ళు ఒకదాని వెంట ఒకటి పడుతున్నాయి, ఆడవాళ్ళు నవ్వుకుంటున్నారు. నేను తలుపు మీద చెయ్యి వెయ్యబోతే బాంజుగు నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగు. వస్తానన్నది నేను, నువ్వు కాదు."

తలుపుకి మూరెడు దూరంలో నిలబడి, చేతులు వెనక్కి పెట్టుకుని, తెనింబా అని పిలిచాడు. రోకళ్ళ చప్పుడులో వినపడలేదు. ఇంకోసారి గట్టిగా పిలిచాడు.

"ఎవరది? తీసే ఉంది, తోసుకుని రండి" అని లోపలి నుంచి వచ్చింది.

"తోసుకుని రాలేనమ్మా" అన్నాడు వాడు. "నువ్వే తియ్యి."

ఒక రోకలి ఆగింది. తర్వాత మిగతావీ ఆగాయి. కాళ్ళ చప్పుడు తలుపు దాకా వచ్చి, అక్కడ కాస్త ఆగి, తలుపు తెరుచుకుంది. తెనింబా చేతులకి జొన్నపిండి ఉంది. తండ్రి ముఖం చూడలేదు. మొదట వీపు వెనక దాచిన ఆ చేతుల వైపు, తర్వాత సుత్తి లేని భుజం వైపు చూసింది. రా నాన్నా, అంది. అని రేకు తలుపుని గోడ దాకా తోసి, గాలికి తిరిగొచ్చి ఆయన చేతికి తగలకుండా, ఆయన లోపలికి వచ్చేదాకా దాన్ని వీపుతో గోడకి అదిమి పట్టుకుని నిలబడింది.